కొత్త నాటికను ఎవరి చేతిలో పెట్టాలి? – మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. కొత్త నాటికల ప్రతులు చదివి, ఏది ఏ నాటక సమాజం ఆడితే బాగుంటుందో, ఏది ప్రేక్షకులు చూడదగినదో చెప్పే బాధ్యత తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం కలిగింది. మన దగ్గర రాసేవాళ్లు ఉన్నారు, ఆడేవాళ్లు ఉన్నారు, పోటీలు పెట్టే పరిషత్తులూ ఉన్నాయి. వీళ్ల మధ్య నిలబడి ‘ఇది మీకు తగిన నాటిక, తీసుకోండి’ అని చెప్పే మనిషే కరువు. అందుకే నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. ఆ తరువాత ఊరూరా వెలిసిన పరిషత్తులే తెలుగు నాటికను పెంచి పెద్ద చేశాయి. 1998లో ప్రభుత్వం నంది నాటకోత్సవాలు మొదలుపెట్టాక పోటీలకు మరింత గౌరవం వచ్చింది. పోటీలంటూ ఉన్నాయి కాబట్టే ఏటా కొత్త రచనలు వస్తున్నాయి. ఆ మేలును నేను ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడను. అయితే పోటీకి ఎప్పటికప్పుడు కొత్తది కావాలి. ఒక నాటిక ఆ ఏడాది పరిషత్తులన్నీ తిరుగుతుంది, జ్ఞాపికలు తెచ్చుకుంటుంది, మరుసటి ఏడాది ఆ సమాజం ఇంకో నాటిక ఎత్తుకోగానే దాని ప్రతి బీరువాలోకి వెళ్లిపోతుంది. చాలావాటికి అచ్చయ్యే యోగం కూడా ఉండదు. రాజమన్నారు ఏకాంకికలనూ ఆత్రేయ నాటికలనూ ఈనాటికీ తీసి చదువుకోగలుగుతున్నామంటే అవి పుస్తకాలుగా వచ్చాయి కాబట్టే. పుస్తకం కాని మంచి నాటికలు ఆడినవాళ్లతోనే పోతున్నాయి. అందువల్ల నీ పని కొత్తవాటిని పొగడడంతో ఆగకూడదు. మొదట ఆడిన సమాజం దించేసిన నాటికను మరో ఊళ్లో, మరో సమాజం చేతికి అందేలా చూడాలి. నాకు తెలిసి ఇంతకంటే విలువైన సేవ లేదు.

బహుమతుల పట్టిక చూసి జాబితా తయారు చేయకు. నేను న్యాయనిర్ణేతగా కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఉత్తమ ప్రదర్శన అని మేము ప్రకటించినప్పుడు అందులో నటుల ప్రతిభ ఉంటుంది, దర్శకుడి ఊహ ఉంటుంది, లైట్లూ సంగీతమూ ఉంటాయి, ఆ రాత్రి జనం ఎలా స్పందించారన్నదీ ఉంటుంది. బలహీనమైన రచనను గొప్ప నటుడు భుజాన మోసుకుపోవడం ఎన్నోసార్లు చూశాను. అదే ప్రతిని ఇంకొక సమాజానికి ఇస్తే మొదటి పావుగంటలోనే కూలిపోతుంది. మరోవైపు, చక్కటి రచన నటులకు సంభాషణలు కంఠతా రాక ఆ రాత్రి నలిగిపోయి ఉంటుంది. అలాంటిదాన్ని పైకి తీయగలిగేది నీలాంటి చదువరే. యూట్యూబ్‌లో దొరికే వీడియోలతోనూ జాగ్రత్త. వెనక వరుసలో పెట్టిన ఒక్క కెమెరాతో తీసినదాన్ని చూసి నాటికను తీసిపారేయవద్దు. ప్రతి తెప్పించుకో.

ప్రతిని మొదటిసారి మౌనంగా చదివినా, రెండోసారి పైకి చదవాలి. ఇంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టుకుని పాత్రలు పంచుకుని చదివితే మరీ మంచిది. కాగితం మీద అందంగా కనబడే వాక్యం నోట్లో తిరగకపోవడం, ముగ్గురు పాత్రలూ ఒకే గొంతుతో మాట్లాడడం చదివేటప్పుడే బయటపడతాయి. నాది ఇంకో పరీక్ష ఉంది. కళ్లు మూసుకుని నాటికంతా విన్నా ఏమీ నష్టం లేదనిపిస్తే అది ఆకాశవాణికి పంపవలసిన రచన. అందులో తప్పేమీ లేదు, రచయితకు ఆ మాటే చెప్పు. వేదిక మీద ఆడవలసిన నాటికలో మాట ఆగిపోయి చేతలే మాట్లాడే క్షణాలు ఉండాలి. ఒక మనిషి తలుపు తీయకుండా నిలబడిపోవడం, కంచంలో అన్నం అలాగే ఉండిపోవడం వంటివి.

చివరి పది నిమిషాలను ప్రత్యేకంగా చూడు. మన నాటికల్లో ఎక్కువ జబ్బు అక్కడే ఉంటుంది. అప్పటిదాకా మనుషుల్లా మాట్లాడిన పాత్రలు ఉన్నట్టుండి సభలో వక్తలైపోతాయి. తల్లిదండ్రులను వదిలేసిన పిల్లలు, అప్పులపాలైన రైతు, వృద్ధాశ్రమం లాంటి వస్తువులు ఏటా వస్తూనే ఉంటాయి. వస్తువు పాతదని వదిలేయకు. ఆ దుఃఖం ఇంకా మన ఊళ్లలో ఉన్నంతకాలం దాని మీద నాటికలు వస్తాయి, రావాలి కూడా. అందులోని కొడుక్కి కూడా ఒక న్యాయం ఉందా, లేక అతన్ని తిట్టించడానికే పెట్టారా అన్నది చూడు. ఎదుటి పక్షానికి మంచి మాటలు ఇచ్చిన రచయిత ప్రతి కనిపిస్తే పక్కన పెట్టుకో. అది పదికాలాలు నిలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సంబంధం కుదిర్చే పెద్దమనిషి రెండిళ్లూ ఎరిగి ఉండాలి కదా, నువ్వూ అంతే. నాటిక ఎంత బాగున్నా ఆడబోయే సమాజం సంగతి తెలియకుండా సూచించకు. ఎవరున్నారు వాళ్ల దగ్గర? వయసు మళ్లిన పాత్ర వేయగలవాడు ఉన్నాడా? ఆడపాత్రలు ఎన్ని? పరిషత్తుల కాలంలో నటీమణులు నాలుగైదు సమాజాలకు పనిచేస్తుంటారు. వాళ్ల తేదీలు దొరకక, పారితోషికం సమకూరక, మంచి నాటికలను పక్కన పెట్టిన సమాజాలు ఎన్నో. ఆ ఒక్క కారణం చేతనే ఒంటరి ఆడపాత్రతో, అదీ ఏడవడానికి మాత్రమే ఉండే పాత్రతో నాటికలు రాస్తున్నవాళ్లున్నారు. ఇద్దరు ముగ్గురు స్త్రీలు బలంగా నిలబడిన రచన నీ కంటపడితే దానికి తగిన సమాజాన్ని వెతికి మరీ ఇవ్వు. కళాశాలల్లో, విదేశాల్లోని తెలుగు సంఘాల్లో నటించడానికి ముందుకొచ్చే అమ్మాయిలు చాలామంది ఉన్నారు, వాళ్లకు తగిన పాత్రలే లేవు.

నిడివి కూడా అలాంటిదే. పరిషత్తు నాటిక సాధారణంగా ముప్పావు గంటకూ గంటకూ మధ్య నడుస్తుంది. విశ్వవిద్యాలయాల యువజనోత్సవాల్లో ఏకాంకికకు ఇచ్చేది 30 నిమిషాలు, వేదిక మీద తొమ్మిది మందికి మించకూడదు. గంట నాటికను అరగంటకు కోయమని విద్యార్థులకు చెబితే వాళ్లు సంఘర్షణను తీసేసి ఉపన్యాసాన్ని ఉంచుకుంటారు. కాబట్టి మొదటినుంచీ అరగంటదే చూసి ఇవ్వు. విదేశాల్లో వారాంతాల్లో మాత్రమే కలిసి సాధన చేసేవాళ్లకు ఒకే గది, ఒకే పూటలో జరిగే కథ సుఖం.

నీ సూచన రాసేటప్పుడు ఈ వివరాలు ముందు రాయి: పాత్రలెన్ని, అందులో స్త్రీలెందరు, నిడివి ఎంత, రంగాలంకరణ ఏం కావాలి, ఎన్ని రంగాలు, ప్రతి ఎవరిని అడగాలి. తరువాత నీ అభిప్రాయం. దర్శకుడు మొదట వెతికేది ఆ వివరాలనే. కష్టం ఎక్కడుందో కూడా దాచకు. ‘రెండో రంగంలో తండ్రి పాత్ర పదిహేను నిమిషాలు మంచం మీద నుంచి లేవకుండా నటించాలి, అనుభవజ్ఞుడు లేకపోతే తీసుకోకండి’ అని రాశావనుకో, నీ మాటకు విలువ పెరుగుతుంది.

ప్రేక్షకులకు చెప్పే తీరు పూర్తిగా వేరు. వాళ్లకు ‘సందేశాత్మకం’ అన్న మాట చెప్పావంటే సగం మంది ఇంట్లోనే ఉండిపోతారు. కథలో వాళ్లను కుర్చీ అంచుకు లాగే ముడి ఏదో దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి ఆపాలి. గొల్లపూడి మారుతీరావు ‘కళ్లు’ నాటిక గురించి చెప్పాలంటే, గుడ్డి బిచ్చగాళ్లు కొందరు కూడబెట్టిన డబ్బుతో తమలో ఒకడికి చూపు తెప్పిస్తారు అంటే చాలు. చూపు వచ్చినవాడు ఏం చేశాడన్నది రంగస్థలానికి వదిలెయ్యి. ఎన్ని గంటలకు మొదలవుతుంది, ఎన్నింటికి వదులుతారు, పిల్లలను తీసుకురావచ్చా అన్నవి తప్పనిసరిగా చెప్పు. పల్లెలో పరిషత్తు జరిగితే జనం అర్ధరాత్రి దాకా కూర్చుంటారు, వాళ్లకు ఆ రాత్రి పండగ. నగరంలో ఉద్యోగం నుంచి నేరుగా వచ్చేవాడికి చివరి బస్సు సంగతి ఉంటుంది. చావు, ఆత్మహత్య వంటివి వేదిక మీద జరిగేటట్లయితే ముందే తెలియజేయడం మర్యాద.

రచయిత అనుమతి విషయం. టికెట్టు పెట్టకుండా ఔత్సాహిక సమాజం ప్రదర్శిస్తే ఉల్లంఘన కాదని 1957 నాటి కాపీరైట్ చట్టంలో ఒక మినహాయింపు ఉంది. చాలామంది దాన్ని పట్టుకుని రచయితకు మాట కూడా చెప్పరు, కొందరు కరపత్రంలో పేరు కూడా వేయరు. నువ్వు సూచించిన నాటికకు మాత్రం అలా జరగనివ్వకు. ఫోను చేసి అడగమను, పేరు వేయమను, ప్రదర్శనకు పిలవమను, చేతనైనంత పారితోషికం ఇవ్వమను. తన నాటిక ఎక్కడో ఆడుతున్నారని తెలిసిన రచయిత ఇంకొకటి రాస్తాడు.

బంధువులు, స్నేహితులు, నీకు ఉపకారం చేసినవాళ్లు ప్రతులు పంపుతారు. అవీ చదువు. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో వాళ్లకే నేరుగా, వివరంగా, మృదువుగా రాయి, పదిమందిలో చెప్పవద్దు. తిరస్కరించిన ప్రతికి నాలుగు వాక్యాల కారణం రాయడం కూడా నీ పనిలో భాగమే అనుకో. కొత్తగా రాసేవాళ్లకు ఆ నాలుగు వాక్యాలు రాసిచ్చే మనుషులు ఇప్పుడు దాదాపుగా లేరు.

మొదటి విడత జాబితా సిద్ధమైతే నాకు పంపు. అందులో ఏమీ మార్చను. పాత సమాజాల్లో ఎవరి దగ్గర ఏ నటులు ఉన్నారో నాకు ఇంకా తెలుసు కాబట్టి ఎవరికి ఏది పనికొస్తుందో చూసి ఫోన్లు చేస్తాను. పిల్లల నాటికలు కూడా ఒకటి రెండు చేర్చు, వాటిని అడిగే ఉపాధ్యాయులు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు.

ఆశీస్సులతో,
మీ మామయ్య