స్కాట్లాండ్ కొండల మీద మేఘాలు కాళ్ల కింద కనపడాలంటే ఏ నెలలో వెళ్లాలి?

క్యాలెండర్ చూసి టికెట్ కొంటే తడిసి ముద్దయి వెనక్కి రావడమే. నేనైతే నెల సంగతి పక్కన పెట్టి, వాతావరణ పటంలో గాలి పీడనం ఎంతుందో చూస్తాను. 1030 మిల్లీబార్లు దాటి, రెండు మూడు రోజులుగా ఆకు కదలకుండా ఉంటే బ్యాగు సర్దేస్తాను. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇలాంటి రోజులు అప్పుడప్పుడూ తగులుతాయి. రాత్రులు పొడుగు కాబట్టి చల్లగాలి బరువుగా లోయల్లోకి దిగి కూర్చుంటుంది. దాని మీద వెచ్చటి గాలి గిన్నె మీద మూతలా పడుతుంది. పొగమంచంతా ఆ మూత కిందే. మీరు మూత దాటి ఎక్కితే చాలు.

గ్లాస్గోలో ఉండే మనవాళ్లతో వచ్చిన చిక్కేమిటంటే, సరిగ్గా అలాంటి రోజే కిటికీలోంచి చూసి "వెదర్ బాలేదు, వచ్చే వారం చూద్దాం" అంటారు. వచ్చే వారం ఎలాగూ వానే.

మాస్టర్స్ చదవడానికి వచ్చిన మా మేనల్లుణ్ణి జనవరిలో బెన్ లోమండ్‌కి తీసుకెళ్లాను. 974 మీటర్ల కొండ. రోవార్డెన్నన్‌లో కారు ఆపేసరికి మైనస్ 3. వైశాల్యంలో బ్రిటన్‌లోకెల్లా పెద్ద సరస్సు పక్కనే ఉంది, మాకు మాత్రం దాని ఒడ్డు కూడా కనపడలేదు. "మావయ్యా, ఇంత పెద్ద చెరువే కనపడట్లేదు, పైకెళ్లి ఏం చూస్తాం?" అన్నాడు. నేను మాట్లాడకుండా బూట్ల తాళ్లు బిగించుకున్నాను. వాడు దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు. కంచె తీగల మీద మంచు ముళ్లలా పేరుకుంది, వాడి కనుబొమలు తెల్లబడ్డాయి.

సగం పైన దాటాక ఆ తెలుపులోకి కొంచెం పసుపు వచ్చింది. తలెత్తితే నడినెత్తిన నీలం. ఇంకో పాతిక అడుగులు వేశాక తల బయటపడింది, తర్వాత నడుము, తర్వాత కాళ్లు. ఒక్కసారిగా వెచ్చగా అనిపించి వాడు గ్లోవ్స్ తీసేశాడు. మామూలుగా పైకెక్కే కొద్దీ చలి పెరగాలి, ఆ రోజు తిరగబడింది. శిఖరం మీదికి చేరేసరికి చుట్టూ తెల్లటి సముద్రం. పడమర ఆరోకార్ కొండలు, ఉత్తరాన బెన్ మోర్ ద్వీపాల్లా తేలుతున్నాయి.

ఫ్లాస్కులో మిరియాల చారు తెచ్చాను, తాగుతున్నాం. అంతలో ఉత్తరం వైపు లోయలోంచి కొంత మబ్బు పైకి లేచింది. వెనక నుంచి ఎండ, ఎదురుగా మబ్బు మీద మా నీడలు తాటిచెట్లంత. వాడి గొంతు మారిపోయింది. "మావయ్యా, నా తల చుట్టూ రంగుల వలయం! మీ తలకి లేదు." నాకేమో నా తల చుట్టూనే ఉంది, వాడి నీడ ఉత్త నీడే. మబ్బు మీద పడే ఆ పెద్ద నీడను బ్రోకెన్ స్పెక్టర్ అంటారు, చుట్టూ ఉండే రంగుల వలయాన్ని గ్లోరీ అంటారు. మబ్బులోని నీటి బొట్లు వెలుతురును దాదాపు వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి, అందుకని ఎవరి వలయం వాళ్లకే.

1894 సెప్టెంబరులో బెన్ నెవిస్ మీద, 1345 మీటర్ల ఎత్తున అప్పట్లో ఉన్న అబ్జర్వేటరీలో పనిచేస్తూ సి.టి.ఆర్. విల్సన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఇలాంటివే చూశాడు. ఆ రంగుల్ని ల్యాబ్‌లో పుట్టించాలని గాజు పాత్రలో మబ్బు తయారు చేయడం మొదలుపెట్టాడు. అదే చివరికి అణు కణాల జాడ చూపించే క్లౌడ్ ఛాంబర్ అయింది, 1927లో నోబెల్ తెచ్చింది. మరి ఇక్కడి కొండలెక్కేవాళ్లలో చాలామందికి లిస్టు పిచ్చి. 1891లో హ్యూ మన్రో అనే ఆయన 3000 అడుగులు, అంటే 914 మీటర్లు దాటిన కొండల జాబితా వేశాడు. వాటిని మన్రోలనే అంటారు, ఇప్పుడు అందులో 282 ఉన్నాయి. రావడం, రాతి దిమ్మను ముట్టుకోవడం, టిక్కు పెట్టుకుని దిగిపోవడం. ఆరోకార్ కొండల్లోని కాబ్లర్ 884 మీటర్లే కాబట్టి లిస్టులో లేదు. నన్నడిగితే ఆ చుట్టుపక్కల దానంత అందమైన కొండ ఇంకోటి లేదు.

వెళ్లే ముందు మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ వాళ్ల పేజీ చూడండి. మన్రోల మీద మబ్బు లేకుండా ఉండే అవకాశం శాతంలో ఇస్తారు. కింద పొగమంచు అని చెప్పి ఈ శాతం ఎక్కువగా ఉంటే ఇంకేం ఆలోచించకండి. గ్లెన్‌కో స్కీ సెంటర్ కెమెరా కూడా ఓసారి చూస్తే మూత ఎంత ఎత్తున ఉందో అర్థమవుతుంది. డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది, హెడ్ టార్చ్ తప్పనిసరి. దిగేటప్పుడు మళ్లీ అదే పొగమంచులోకి దిగాలి, చలికి ఫోన్ చచ్చిపోతుంది, కాబట్టి కాగితం మ్యాపు, దిక్సూచి ఉండాలి. మంచు గట్టిపడి ఉంటే క్రాంపాన్లు (బూట్లకి కట్టుకునే ఇనుప ముళ్లు), ఐస్ యాక్స్ లేకుండా ఎక్కొద్దు. స్పోర్ట్స్ షూలతో బయల్దేరి, ఏదైనా అయితే రెస్క్యూ వాళ్లు ఫ్రీగా వస్తారులే అనేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. వచ్చేది వాలంటీర్లు, పెళ్లాం పిల్లల్ని వదిలి అర్ధరాత్రి వస్తారు.

సెలవు జూలైలోనే దొరుకుతుందంటారా, అయితే మేఘాల మీద ఆశ పెద్దగా పెట్టుకోకండి. మిడ్జెస్ అని దోమకన్నా చిన్న పురుగులుంటాయి, గాలి ఆడకపోతే చాలు గుంపులుగా మీద పడతాయి. తలకి కట్టుకునే వల ఒకటి కొనుక్కోండి.