వైజాగ్‌లో 100 ఎంబీపీఎస్ నెట్ ఉన్నా వాలరెంట్ ఆన్‌లైన్ గేమ్‌లో పింగ్ ఎందుకు తగ్గదు?

నెట్ స్పీడ్ పెంచినంత మాత్రాన పింగ్ తగ్గదు, ఈ రెండూ వేర్వేరు. స్పీడ్ అంటే సెకనులో ఎంత డేటా వస్తుందో చెప్పేది. పింగ్ అంటే మీ ఫోన్ నుంచో పీసీ నుంచో సమాచారం గేమ్ సర్వర్‌కి వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం, అది దూరాన్నీ, డేటా వెళ్లే దారినీ, ఇంట్లో వైఫైనీ బట్టి ఉంటుంది. వైజాగ్‌లోని గాజువాక నుంచి వాలరెంట్ ముంబై సర్వర్‌లో ఆడుతున్నారనుకోండి, నేరుగా కొలిచినా 1,000 కిలోమీటర్లు దాటుతుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లే వెళ్తుంది కాబట్టి రానుపోను కనీసం 10 మిల్లీసెకన్లు, ఏ ప్లాన్ తీసుకున్నా తప్పవు. కేబుల్ చుట్టుతిరిగి వెళ్తే ఇంకా ఎక్కువ.

చాలామంది ఇక్కడే పొరబడి 300 ఎంబీపీఎస్‌కి డబ్బులు కడతారు. ఆటకు కావాల్సిన డేటా చాలా తక్కువండీ! ఇంట్లో ఇంకొకరు అదే సమయంలో పెద్ద డౌన్‌లోడ్ పెడితేనే పెద్ద ప్లాన్ పనికొస్తుంది, లేదంటే ముందు వైఫై వదిలి ల్యాన్ కేబుల్ పెట్టి చూడండి.