నడిసముద్రంలో మనిషిని చంపితే కేసు ఎవరు పెట్టాలి?

ప్రశ్న: సార్, నీళ్లలో తేలుతున్న మనుషుల్ని షిప్పు మీంచి కాల్చేస్తున్న వీడియో ఒకటి మా వాట్సాప్ గ్రూప్‌లో తిరుగుతోంది. అది నిజంగా జరిగిందేనా? నిజమైతే అంత దూరంలో ఏ పోలీసులు వస్తారు? – ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: మీరు చెప్తున్నదాన్ని బట్టి నేను అనుకుంటున్న వీడియోనే అయితే అది నిజమే తమ్ముడూ. 2014లో ఫిజీలో ఎవరో టాక్సీలో మర్చిపోయిన ఫోన్‌లో దొరికింది, అక్కడ్నుంచి ఇంటర్నెట్‌లోకి వచ్చింది. పది నిమిషాల పైనే ఉంటుంది. విరిగిన పడవ చెక్కలు పట్టుకుని కొందరు తేలుతుంటారు, ఒకతను లొంగిపోతున్నట్టు రెండు చేతులూ పైకెత్తుతాడు, అయినా కాల్చేస్తారు. కనీసం నలుగురు చనిపోవడం అందులో కనిపిస్తుంది. ఆఖర్న డెక్ మీదున్నవాళ్లు నవ్వుకుంటూ ఫోటోలకి ఫోజులిస్తారు. దయచేసి దాన్ని ఇంకెవరికీ ఫార్వర్డ్ చేయకండి, చనిపోయినవాళ్లూ ఎవరో ఒకరి కొడుకులే కదా.

ఇక పోలీసుల సంగతి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా ఆ దేశం సొంత జలాలు, 200 దాకా చేపల మీద, గ్యాస్, ఖనిజాల మీద హక్కులు, ఆ తర్వాత అది ఏ ఒక్క దేశానిదీ కాదు. 1982లో చేసుకున్న సముద్ర చట్టం ఒప్పందం ప్రకారం అక్కడ షిప్పు మీద ఏ దేశం జెండా ఉంటే మామూలుగా ఆ దేశం చట్టమే నడుస్తుంది. చూడ్డానికి బాగానే ఉంది కానీ ఓనర్ ఒక దేశంవాడు, జెండా పనామాదో లైబీరియాదో, కెప్టెన్ ఇంకో దేశం, పనివాళ్లు ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, మన ఇండియా, ఇలా ఉంటే హత్య జరిగిందని ఎవరికి చెప్పుకోవాలి? ఫిజీ పోలీసులు కూడా ఇది మా జలాల్లో జరగలేదు, మా బోట్లకి సంబంధం లేదు అని పక్కన పెట్టేశారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే, ఆధారం చేతిలో ఉండి కూడా మాది కాదంటే మాది కాదనుకుంటూ పోయారు.

చివరికి కేసు కదిలింది ఎక్కువగా పోలీసుల వల్ల కాదు, జర్నలిస్టులూ, అక్రమ చేపల వేట మీద పనిచేసే నార్వే సంస్థ ట్రిగ్ మాట్ ట్రాకింగ్ వాళ్లూ పట్టు వదలకపోవడం వల్ల. వీడియోలో వెనకాల ఇంకో బోటు వెళ్తూ కనిపిస్తుంది, అది తైవాన్‌కి చెందిన చున్ ఐ 217 అని గుర్తుపట్టారు. అలా తీగ లాగి, కాల్పులు జరిగింది పింగ్ షిన్ 101 అనే తైవాన్ ట్యూనా బోటు మీంచి అని, అది 2012లో హిందూ మహాసముద్రంలో జరిగిందని తేల్చారు. ఆ బోటు 2014లో మునిగిపోయింది కూడా, అంటే నేరం జరిగిన చోటే లేదు ఇంక! అయినా అందులో పనిచేసినవాళ్లని వెతికి పట్టుకుని మాట్లాడించారు. కెప్టెన్ చైనా పౌరుడు, 2020 ఆగస్టులో వేరే షిప్పులో తైవాన్‌లోని కావోషింగ్ పోర్టుకి రాగానే అరెస్ట్ చేశారు, 2021లో 26 ఏళ్ల శిక్ష వేశారు, అప్పీల్‌లో 13కి తగ్గించారు. చనిపోయినవాళ్లు సముద్రపు దొంగలు అని కాల్చినవాళ్ల వాదన. దొంగలే అనుకున్నా నీళ్లలో చేతులెత్తినవాణ్ని చంపే హక్కు ఎవరిచ్చారు?

దొంగలనుకున్నాం అనే మాట మనకీ కొత్త కాదు. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి 20 నాటికల్ మైళ్ల అవతల ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ట్యాంకర్ మీదున్న సైనికులు వేటకెళ్లిన మన మత్స్యకారులు ఇద్దర్ని అలాగే చంపేశారు. 2020లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆ సైనికుల్ని విచారించే అధికారం ఇండియాకి లేదు, నష్టపరిహారం మాత్రం వస్తుంది అంది. ఇటలీ 10 కోట్ల రూపాయలు కట్టాక 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఇక్కడి కేసు మూసేసింది.

ప్రశ్న: షిప్పులకి ట్రాకింగ్ ఉంటుందంటారు కదా, అది ఆపేస్తే ఇంక ఎలా దొరుకుతారు? – ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఆ ట్రాకింగ్‌ని ఏఐఎస్ అంటారమ్మా, ఆపేయడం చాలా ఈజీ. కానీ ఇనప బోటు రాడార్ శాటిలైట్‌కి కనబడుతుంది, రాత్రిపూట లైట్లు కూడా పైనుంచి దొరుకుతాయి, పేరు మార్చి జెండా మార్చి రంగులేసినా ఏడంకెల ఐఎంఓ నంబర్, అంటే షిప్పు అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య, మారదు. 2016 నుంచి గ్లోబల్ ఫిషింగ్ వాచ్ అనే సంస్థ వాళ్లు ఈ సమాచారం అందరికీ ఫ్రీగా పెడుతున్నారు. రెండు షిప్పులు నడిసముద్రంలో గంటల తరబడి పక్కపక్కన ఆగాయంటే అనుమానించాలి, చేపలు అక్కడే మార్చేసుకుంటారు కాబట్టి వేట బోటు ఒడ్డుకి రాదు, అందులోని పనివాళ్లకి నెలలు, ఒక్కోసారి ఏళ్లు నేల కనబడదు.

అయితే శాటిలైట్ బోటుని చూస్తుందిగానీ బోట్లో ఏడుస్తున్నవాణ్ని చూడదు. 2015లో అసోసియేటెడ్ ప్రెస్ రిపోర్టర్లు ఇండోనేషియాలోని బెంజీనా దీవికి స్వయంగా వెళ్తే బోనులో పెట్టి తాళం వేసిన మనుషులు కనిపించారు, ఎక్కువమంది మయన్మార్ వాళ్లు. అక్కడే శ్మశానంలో సమాధుల మీద దొంగ థాయ్ పేర్లు, ఎందుకంటే ఆ పేర్లతోనే కాగితాలు పుట్టించి పనిలోకి తెచ్చారు. రిపోర్టర్లు చేపల షిప్పుని శాటిలైట్‌లో థాయ్‌లాండ్ దాకా ఫాలో అయ్యి, అక్కడ లారీల వెనకాల ఫ్యాక్టరీల దాకా వెళ్లారు. 2000 మందికి పైగా విడుదలయ్యారు.

ప్రశ్న: మా అబ్బాయికి షిప్పులో ఉద్యోగం అని వైజాగ్‌లో ఏజెంట్ డబ్బులు అడుగుతున్నాడు. ఏం చూసుకోవాలి? – ఒక తల్లి, సోంపేట

జవాబు: అమ్మా, ఉద్యోగం ఇప్పించినందుకు అబ్బాయి దగ్గర డబ్బు తీసుకోవడమే తప్పు. ఏజెంట్‌కి ఆర్‌పీఎస్ఎల్ లైసెన్స్ (షిప్పుల్లోకి మనుషుల్ని చేర్పించే అనుమతి) ఉందో లేదో షిప్పుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ శాఖ డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో చూడండి, లేకపోతే అక్కడితో ఆపేయండి. షిప్పు పేరు, ఐఎంఓ నంబర్, ఏ జెండా, ఓనర్ ఎవరు, ఇవి చెప్పకుండా ముందు దుబాయ్ ఎక్కు అక్కడ చూద్దాం అంటే అస్సలు పంపొద్దు. పాస్‌పోర్ట్, సీడీసీ (షిప్పు ఉద్యోగి గుర్తింపు పుస్తకం), కాంట్రాక్ట్ కాపీలు మీ ఇంట్లో ఉంచుకోండి, షిప్పెక్కిన రోజే దాని పేరు కనబడేలా ఫోటో పంపమనండి. రేపు ఏదైనా అయితే కంప్లైంట్‌కి పనికొచ్చేది అదే.

రెండు నెలల జీతం ఆపినా, తిండీ నీళ్లూ ఇవ్వకపోయినా, ఇంటికి పంపకపోయినా అంతర్జాతీయ లెక్కలో ఓనర్ పనివాళ్లని వదిలేసినట్టే. అప్పుడు నాలుగు నెలల జీతం దాకా, తిరుగు ప్రయాణం ఖర్చూ షిప్పు ఇన్సూరెన్స్ నుంచి రాబట్టొచ్చు, 2017 నుంచి ఆ రూల్ అమల్లో ఉంది. డీజీ షిప్పింగ్‌కీ, ఐటీఎఫ్ అనే అంతర్జాతీయ రవాణా కార్మికుల యూనియన్‌కీ ఇద్దరికీ రాయండి, ఒకరికి రాసి ఊరుకోకండి. ఇంకోటి, ఈ రక్షణ సరుకు, ప్రయాణికుల షిప్పుల్లాంటివాటికేగానీ వేట బోట్లకి వర్తించదు. వాటికి వేరే ఒప్పందం ఉంది, దాన్ని ఒప్పుకున్న దేశాలు తక్కువ, ఆసియాలో మొదట ఒప్పుకున్నది థాయ్‌లాండ్, అదీ 2019లో. కాంట్రాక్ట్‌లో ఫిషింగ్ వెసెల్ అనే మాట కనబడితే మాత్రం సంతకం పెట్టనివ్వకండమ్మా, జీతం ఎంత చెప్పినా సరే.