వాట్లు లెక్కకట్టే ముందు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి బుజ్జికి మావయ్య దీవెనలు.

కంచరపాలెం ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పని అంటే హుషారే గానీ లెక్కలంటే టెన్షన్ పడుతున్నావట. రైతుబజారులో కూరల లెక్క నోటితో తేల్చేసే దానివి, నీకు ఈ లెక్కలు ఒక లెక్కా? వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్, అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డు; గుణిస్తే పవర్, అంటే వాట్లు. అంతే. మొదటిది ఓం అనే జర్మన్ మేష్టారు 1827లోనే పుస్తకంలో అచ్చువేయించి పెట్టాడు.

సూత్రం రాక తప్పు చేసేవాళ్లు తక్కువ. ఏ వోల్టేజీ వేశాం, ఏ కరెంటు వేశాం అన్న దగ్గరే బోల్తా పడతారు. ఏ వస్తువు లెక్క కడుతున్నావో దాని రెండు కొసల మధ్య వోల్టేజీ, దానిలోంచి పోయే కరెంటు, ఈ రెండే తీసుకోవాలి. బోర్డు దగ్గర చూసిన వోల్టేజీ మేడ మీద గీజరుకు వేసేయకూడదు.

ఆ గీజరే తీసుకో. మీద 2000 వాట్లు, 230 వోల్టులు అని ఉంటుంది. 2000ని 230తో భాగిస్తే కరెంటు 8.7 ఆంప్స్. 230ని 8.7తో భాగిస్తే ఎలిమెంటు (లోపల నీళ్లు కాచే కడ్డీ) రెసిస్టెన్స్ సుమారు 26.4 ఓములు. 6 ఆంప్స్ సాకెట్లో ఎందుకు పెట్టకూడదో, 16 ఆంప్స్‌ది ఎందుకు కావాలో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

వేసవిలో సాయంత్రం వోల్టేజీ 200కి పడిపోయిందనుకో. అప్పుడు ఎంత లాగుతుంది? చాలామంది 2000ని 200తో భాగించి 10 ఆంప్స్ అనేస్తారు. "వోల్టేజీ తగ్గితే కరెంటు పెరుగుతుంది" అని సీనియర్లు కూడా గట్టిగా చెబుతారు, వినకు. నీళ్ల మోటారు విషయంలో అది చాలావరకు నిజమే, గీజరుకు మాత్రం కాదు. ఎలిమెంటు విషయంలో దాదాపు మారకుండా ఉండేది రెసిస్టెన్సు, వాట్లు కాదు. కాబట్టి 200ని 26.4తో భాగించు. 7.6 ఆంప్స్ వస్తుంది. పవర్ 1500 వాట్ల పైచిలుకు. వోల్టేజీ ఎనిమిదో వంతు తగ్గితే పవర్ నాలుగో వంతు పోయింది, ఎందుకంటే పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి నడుస్తుంది. నీళ్లు కాగడం లేదని మీ అమ్మ సణిగేది అందుకే. పెన్ను పట్టే ముందు ఏది మారదో తేల్చుకో, సగం లెక్క అయిపోయినట్టే.

మన విశాఖలో పనిచేసేవాళ్లకు ఇంకో సంగతి బాగా ఎదురవుతుంది. లాసన్స్ బే వైపు ఒకరింట్లో గీజరు ప్లగ్గు కాలిన వాసన వస్తోందని పిలిచారు. ప్లగ్గు లాగితే ఒక పిన్ను గోధుమరంగుకు తిరిగి, సాకెట్ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంది. లోపల రాగి మీద పచ్చటి చిలుము. అంతా సముద్రపు గాలి చలవే. గీజరు నడుస్తుండగా బోర్డులో 228 వోల్టులు, గీజరు టెర్మినల్స్ దగ్గర 224. వైరు చుట్టూ పట్టించి కరెంటు చూసే క్లాంప్ మీటరులో 8.5 ఆంప్స్. మధ్యలో 4 వోల్టులు ఎక్కడికి పోయాయి? ఆ కాస్త దూరం వైరులో అర వోల్టుకు మించి పోదు. మిగతా మూడున్నర ఆ పాడైన పిన్ను దగ్గరే. దాన్ని 8.5తో భాగిస్తే 0.4 ఓము, చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది. గుణించి చూడు, 30 వాట్లు! సోల్డరింగ్ ఐరన్ ఒకటి సాకెట్లో పెట్టి మరిచిపోయినట్టే కదా. గీజరు మార్చాలని ఆ ఇంటాయన అప్పటికే బేరమాడుతున్నాడు. సాకెట్టూ ప్లగ్గూ మారిస్తే సరిపోయింది.

ఇలా కరెంటు ఉండగా టెర్మినల్స్ మీద చూడటం నీకు ఇప్పుడే వద్దు, మీ సర్ పక్కన ఉన్నప్పుడే. రెసిస్టెన్స్ చూడాలంటే మాత్రం మెయిన్ ఆపి, వస్తువును లైను నుంచి విడదీసి చూడాలి. మల్టీమీటరు తీగ 10 ఆంప్స్ రంధ్రంలో ఉంచి ఫేజుకీ న్యూట్రల్‌కీ తగిలించావంటే అది షార్టే, మీటరుతో పోదు, చేతులు కూడా కాలతాయి.

పాత ఫిలమెంట్ బల్బు లెక్క నిన్ను తికమక పెడుతుంది. 230 వోల్టుల 100 వాట్ల బల్బుకు 529 ఓములు రావాలి. చల్లగా ఉన్నప్పుడు మీటరు పెడితే అందులో పదో వంతు కూడా చూపించదు. మీటరు పాడవలేదు; లోపలి టంగ్‌స్టన్ తీగ వేడెక్కితే రెసిస్టెన్స్ అన్ని రెట్లు పెరుగుతుంది. మోటారుకైతే వోల్టేజీని కరెంటుతో గుణించి వాట్లు అనకు, పవర్ ఫ్యాక్టరుతో (ఆ లబ్ధంలో నిజంగా పవర్ అయ్యే వంతుతో) కూడా గుణించాలి. 230 వోల్టుల దగ్గర 5 ఆంప్స్ లాగే మోటారుకు అది 0.8 అయితే 1150 కాదు, 920 వాట్లు. మిల్లీ ఆంప్స్ ఇస్తే ముందు వెయ్యితో భాగించు. పరీక్షలో మార్కులు పోయేది ఎక్కువగా అక్కడే.

ఈ ఆదివారం ఒక పని చెయ్యి. ఇంట్లో అన్నీ ఆపి గీజరు ఒక్కటే వెయ్యి. కరెంటు మీటరు మీద ఎర్రలైటు మినుకుతుంటుంది, యూనిట్‌కు ఎన్నిసార్లో పక్కనే అచ్చువేసి ఉంటుంది. 1600 అని ఉంటే, 2000 వాట్లకు నిమిషానికి 53 సార్లు మినుకుమనాలి. ఫోన్లో టైమర్ పెట్టుకుని లెక్కపెట్టు. తక్కువొస్తే ఆ వేళకు వోల్టేజీ ఎంతుందో లెక్క కట్టి నాకు వాట్సాప్ చెయ్యి. ఎక్కువొస్తే ముందు ఫ్రిజ్ ఆపావో లేదో చూసుకో.

మీ మావయ్య