వార్నిష్ లేస్తోందంటే తలుపు అడుగు చూడాలి

వీధి తలుపుకి పోయినేడు వేసిన వార్నిష్ పొలుసుల్లా లేస్తోందని, వానకి ఉబ్బి గడపకి పట్టేస్తోందని రాశారు కదండీ. ముందు తలుపుని బందుల నుంచి ఊడదీసి అడుగు అంచు చూడండి. చాలామటుకు అక్కడ వార్నిష్ పడని ఉత్త చెక్కే కనిపిస్తుంది, నీళ్లు తాగేది అక్కడే. పైపైన ఇంకో కోటు వేస్తే డబ్బు దండగ.

తలుపు పూర్తిగా ఆరనిచ్చి, లేచిన పొరంతా గీకేసి, 120 నంబరు, ఆపైన 180 నంబరు శాండ్‌పేపర్‌తో చెక్క గీతల వెంట రుద్దండి. తర్వాత ఎండలోని యూవీ కిరణాలని తట్టుకునే బయటి రకం వార్నిష్ మూడు కోట్లు, మొదటిది కాస్త పలచగా. లోపలి ఫర్నిచర్‌ది వద్దు, ఎండకి పెళుసెక్కి పగులుతుంది. పై అంచుకీ, అడుగుకీ, తాళం కోసం తొలిచిన చోటికీ కూడా పట్టించండి. అన్నట్టు, ఉబ్బి ఉన్నప్పుడు చిత్రిక పట్టించకండి. ఆరాక వేలు దూరేంత సందు మిగులుతుంది, నాకు అనుభవమే!