తెరమీది అంకె లోతు కాదు

చి. సురేష్‌కి ఆశీస్సులు.

కాకినాడలో సముద్రం లోతు కొలిచే సర్వే బోటు ఎక్కబోతున్నావని మీ అమ్మ చెప్పింది. అడుగును ఒకేసారి వెడల్పుగా కొలిచే మల్టీబీమ్ సౌండర్ సాఫ్ట్‌వేర్ నాకంటే నీకే బాగా వచ్చు, దాని జోలికి రాను. నీళ్ల గురించి మాత్రం నాలుగు ముక్కలు చెబుతాను.

ఎకో సౌండర్ లోతును కొలవదు. శబ్దం అడుగుకు వెళ్లి తిరిగొచ్చిన కాలాన్ని కొలుస్తుంది. దాన్ని లోతుగా మార్చేది నువ్విచ్చే శబ్దవేగం. సెకనుకు 1500 మీటర్లన్నది పుస్తకాల లెక్క. మన వెచ్చటి ఉప్పునీటిలో 1540 దాకా ఉంటుంది. వానాకాలంలో గోదావరి వరద వచ్చి పైన తియ్యనీళ్లు పరుచుకుంటే ఆ పొరలో బాగా పడిపోతుంది. సగటున 1510 ఉన్నచోట నువ్వు 1540 పెట్టావనుకో, తెరమీద 20 మీటర్లు కనిపించే చోట నిజంగా ఉండేది 19.6 మీటర్లే. లోతు తక్కువ చూపిస్తే ఓడవాళ్లు జాగ్రత్తపడతారు. ఎక్కువ చూపిస్తేనే ఓడ నేలకు తగులుతుంది.

అందుకని పొద్దున ఒకసారి వేగం కొలిచేశాం కదా అని కూర్చోకు. నీటి రంగు మారినా, నదీముఖం వైపు జరిగినా శబ్దవేగం కొలిచే ప్రోబ్ మళ్లీ నీళ్లలోకి దించు. బోటు ఆపమంటే సరంగు విసుక్కుంటాడు, విసుక్కోనీ. చదునైన నేల తెరమీద అంచుల్లో వంగినట్టు కనిపిస్తే వేగం తప్పయి ఉండొచ్చు; సాఫ్ట్‌వేర్‌లో సర్దెయ్యకుండా ముందు ప్రోబ్ దించు.

అక్కడ బురద కూడా ఎక్కువే. 200 కిలోహెర్ట్జ్ శబ్దం మెత్తటి బురద పైనుంచే తిరిగొచ్చేస్తుంది, 33 కిలోహెర్ట్జ్‌ది దాన్ని చొచ్చుకుపోతుంది. రెండూ రికార్డు చెయ్యి. ఏది నేలో తేలకపోతే తాడు కట్టిన సీసపు గుండు వెయ్యి. నవ్వకు. పాత నావికులు గుండు అడుగున కొవ్వు పూసి, దానికి అంటుకొచ్చిన ఇసుకనో బురదనో చూసి అడుగు సంగతి చెప్పేవాళ్లు. 1875లో చాలెంజర్ ఓడవాళ్లు పసిఫిక్‌లో మరియానా అగాధం దగ్గర 8 కిలోమీటర్లకు పైగా లోతు కొలిచింది తాడుతోనే!

కొలిచిన లోతులోంచి ఆ వేళకున్న పోటు ఎత్తు తీసెయ్యాలి కాబట్టి గడియారాలు చూసుకో. బోటు రికార్డు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలంలో), ఒడ్డున నీటిమట్టం కొలిచే టైడ్ గేజ్ మన టైంలో ఉంటే తేడా అయిదున్నర గంటలు. మన తీరంలో పోటుకీ పాటుకీ మధ్య ఉండేది సుమారు ఆరు గంటలేగా! పోటు వేళ కొలిచిన లోతుకు పాటు లెక్క తగిలించేస్తావు.

వాంతుల బిళ్ల మాత్రం బోటు ఎక్కడానికి అరగంట ముందే వేసుకో. ఎక్కాక వేసుకుంటే దండగ.

మీ మావయ్య