బిడ్డ చేతిలోంచి సైకిల్ లాక్కోకండి

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే సంగతి గురించి ఉన్నాయి. రాసిన ముగ్గురూ తిరుపతి, ఆ చుట్టుపక్కల వాళ్లే. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు.

ప్రశ్న: మేం తిరుచానూరు దగ్గర ఉంటాం సార్. మా వాడు ఎనిమిదో తరగతి, రోజూ సైకిల్ మీదే స్కూలుకు పోతాడు. పోయిన వారం ఒక కారు వాణ్ణి రాసుకుంటూ పోయింది, సైడ్ అద్దం మోచేతికి తగిలి కింద పడ్డాడు. టిఫిన్ బాక్సు తెరుచుకుని పెరుగన్నమంతా రోడ్డు పాలైంది, హ్యాండిల్ వంకరపోయింది. ఆ కారాయన ఫోను చెవి దగ్గర నుంచి తీయకుండానే దిగి, ‘చూసుకుని తొక్కలేవా’ అని మా వాడి మీదే అరిచి వెళ్లిపోయాడంట. మా ఆయన సైకిల్ అమ్మేసి ఆటో మాట్లాడదామంటున్నాడు, పిల్లోడేమో ఏడుస్తున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు వాడి మోచెయ్యి ఎలా ఉంది? వాపు తగ్గకపోయినా, చెయ్యి పూర్తిగా చాపలేకపోయినా ఈరోజే డాక్టరుకు చూపించండి, చూపించిన చీటీ దాచిపెట్టండి. ఎందుకో కింద చెబుతాను.

మీ వాడి తప్పేం లేదు. ఈ మాట మీరు వాడితో నోరు తెరిచి చెప్పండి, ఎందుకంటే పెద్దాయన ఒకడు నడిరోడ్డు మీద అరిచేసరికి ఆ వయసు పిల్లలు తప్పు తమదేనని నమ్మేస్తారు. కారు గంటకు 40 కిలోమీటర్ల స్పీడులో పోతోందనుకోండి, అంటే సెకనుకు 11 మీటర్లు. ఫోను మోగితే ఎవరు చేశారా అని పేరు చూసి, వేలితో పైకి జరిపేసరికి 3 సెకన్లు ఇట్టే అయిపోతాయి. ఈలోపు బండి 33 మీటర్లు వెళ్లిపోయింది, దాదాపు మూడు బస్సులు వరసగా నిలబెట్టినంత దూరం, అదంతా కళ్లు మూసుకుని నడిపినట్టే కదా. చెవిలో బ్లూటూత్ పెట్టుకున్నాను, నా చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి అనేవాళ్లు కూడా ఉన్నారు. చేతులు ఉన్నాయి సరే, ఇంట్లో గొడవ గురించో డబ్బుల గురించో మాట్లాడుతుంటే మనసు ఎక్కడుంది? కళ్ల ముందున్న సైకిల్ కూడా బుర్రకెక్కదు. దీనికి తోడు స్పీడు. వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. కారులో వాడికి చుట్టూ ఇనుము, బెల్టు, గాలి సంచి ఉన్నాయి. మీ వాడికి ఒంటి మీద యూనిఫాం చొక్కా, అంతే.

సైకిల్ అమ్మడం గురించి. మీ భయం నాకు అర్థమైంది, కానీ అమ్మొద్దు. స్కూలు టైములో మన ఊళ్లో ఆటోలు చూశారు కదా, ముందు డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక ఒకరి ఒళ్లో ఒకరు, బ్యాగులు బయటికి వేలాడుతూ. అందులో ఎక్కిస్తే భద్రం అని నేను చెప్పలేను. బదులుగా ఈ ఆదివారం మీ ఆయన్ని వాడితో పాటు ఆ దారంతా ఒకసారి తొక్కమనండి. ఎక్కడ గుంత ఉంది, ఎక్కడ బస్సులు ఆగుతాయి, ఏ సందులోంచి బండ్లు దూసుకొస్తాయి అన్నీ చూసుకుని, నాలుగు నిమిషాలు ఎక్కువైనా సరే లోపలి వీధి ఏదైనా ఉంటే ఆ దారి పట్టించండి. రోడ్డు అంచున ఇసకలోకి పోకుండా చెయ్యి చాపినంత జాగా వదిలి తొక్కమనండి, మరీ అంచుకు పోతే చక్రం జారుతుంది, జారితే పడేది రోడ్డు మీదికే. దగ్గరి దారి కదా అని ఎదురు తొక్కొద్దు. తిరిగే ముందు చెయ్యి చూపించాలి, చెవుల్లో పాటలు వద్దు, తలకు హెల్మెట్ ఉండాలి. ఇంకోటి, ఇది ప్రాణం మీది సంగతి: మలుపు దగ్గర బస్సుకో లారీకో ఎడమ పక్క సందులోకి సైకిల్ దూర్చొద్దు. అక్కడున్న పిల్లాడు డ్రైవరుకు అద్దంలో కూడా కనపడడు.

ఇక ఆ కారు సంగతి. నంబరు ఎవరైనా చూశారేమో ఆ దగ్గర్లో షాపుల వాళ్లను అడగండి, సీసీ కెమెరాల్లో పడి ఉండొచ్చు. చిన్న దెబ్బే కదా అని వదిలేయకుండా స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి. బండి నడుపుతూ ఫోను చేత్తో పట్టుకోవడం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగ్. మొదటిసారికే 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. దెబ్బ తగిలిన మనిషికి వైద్యం అందేలా చూడాల్సిన బాధ్యత కూడా చట్టం డ్రైవరు మీదే పెట్టింది, అరిచి వెళ్లిపోతే కుదరదు. బండి ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ అనేది ఉంటుందే, అది మీ వాడిలాంటి వాళ్ల కోసమే. పరిహారం అడగాలంటే ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు, రోడ్డు ప్రమాదాల పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో వేయాలి, డాక్టరు చీటీ దాచమన్నది అందుకే. దేవుడి దయ వల్ల మీకు ఆ అవసరం రాలేదు గానీ, గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోయినా ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ఇచ్చే కేంద్ర పథకం ఒకటి ఉందని చుట్టుపక్కల అందరికీ చెప్పండి. చాలామందికి తెలియక వదిలేసుకుంటున్నారు.

సైకిల్ వద్దు, పదో తరగతికి వచ్చాక స్కూటీ కొనిస్తాం అనే ఆలోచన కూడా రానివ్వకండి. మైనరు బండి నడిపి ప్రమాదం చేస్తే తల్లిదండ్రులకు 3 ఏళ్ల దాకా జైలు, 25,000 జరిమానా ఉన్నాయి.

ప్రశ్న: నేను క్యాబ్ డ్రైవర్‌ని. రేణిగుంటలో యాత్రికులను ఎక్కించుకుని అలిపిరి మీదుగా కొండకు తీసుకెళ్తుంటాను. అందరూ డ్రైవర్లనే అంటారు, సైకిల్ వాళ్లు మాత్రం ఉన్నట్టుండి అడ్డం వస్తారు, హారన్ కొట్టినా జరగరు. వెనక కూర్చున్నవాళ్లేమో దర్శనం టైము దాటిపోతోందని ఒకటే టెన్షన్ పెడతారు. మా బాధ ఎవరికి చెప్పుకోవాలి?

జవాబు: తమ్ముడూ, నీ టెన్షన్ నిజమే, కాదనను. ఎదురు తొక్కేవాళ్లు, చూడకుండా తిరిగేవాళ్లు సైకిల్ వాళ్లలోనూ ఉన్నారు, వాళ్లకు చెప్పాల్సింది పైన చెప్పాను. కానీ సైకిల్ ‘ఉన్నట్టుండి’ ఎందుకు పక్కకు వస్తుందో నువ్వు ఒకసారి తొక్కి చూడు. నీ కారు టైరుకు తెలియని గుంత సైకిల్ చక్రాన్ని విసిరేస్తుంది. కాలవ మూత, ఇసక, అడ్డం వచ్చిన కుక్క, ఏదొచ్చినా వాడు పక్కకు జరగాల్సిందే. పెద్ద బండి ఆనుకుని పోతే ఆ గాలికే హ్యాండిల్ ఊగుతుంది. నువ్వు వెనకొచ్చి పొడుగ్గా హారన్ కొడితే వాడు భయపడి కుడివైపు తిరిగి చూస్తాడు, తలతో పాటు హ్యాండిలూ కుడికే తిరుగుతుంది, అంటే నీ బండి కిందికే. దూరం నుంచే చిన్నగా ఒకసారి కొట్టు, స్పీడు తగ్గించు, ఖాళీ దొరికాక దాటు. జర్మనీలో ఊళ్లో సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం ఒకటిన్నర మీటరు ఎడం వదలాలని చట్టంలోనే రాశారు. మన సందుల్లో అంత జాగా ఎక్కడిది అంటావేమో, జాగా లేదంటే దాటకూడదని అర్థం.

ఘాట్ రోడ్డులో పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాలు అని లెక్క ఉంది, అంతకంటే ముందు చేరితే జరిమానా అని ఎంత ఓపిగ్గా నడుపుతావో నీకే తెలుసు. అప్పుడు యాత్రికులు తొందర పెడితే ‘రూలు సార్’ అంటావు, వాళ్లూ ఊరుకుంటారు. రేణిగుంట నుంచి టౌనుకు వచ్చే కరకంబాడి రోడ్డులోనూ అదే మాట అను. దర్శనం టైము సంగతి రేణిగుంటలో ఎక్కేటప్పుడే అడిగి, చాలదనిపిస్తే అక్కడే చెప్పేసెయ్, దారిలో వాళ్లు పెట్టే సగం టెన్షన్ పోతుంది.

ఫోను స్టాండులో పెట్టి దారి చూసుకోవడానికి రూల్స్ ఒప్పుకుంటాయి, అది కూడా నడపడం మీద ధ్యాస చెదరకుండా. బుకింగుల మెసేజీలకు బండి పక్కకు తీసి ఆపు. ఇంకొకటి, మొన్న లీలామహల్ సర్కిల్ దగ్గర నా కళ్లతో చూశాను. ఆగిన కారు ఎడమ తలుపు ఒకావిడ ఒక్కసారిగా తెరిచింది, పూల బుట్టతో వస్తున్న ముసలాయన సైకిల్‌తో సహా ఆ తలుపు మీద పడ్డాడు. లేచి ముందు వెతుక్కున్నది కళ్లజోడు, తర్వాత మల్లెపూలు. యాత్రికులకు మన రోడ్డు తెలీదు కాబట్టి దిగే ముందు ‘ఆగండమ్మా, వెనక చూసి తీయండి’ అని నువ్వే చెప్పాలి. నీ తలుపు ఎడమ చేత్తో తీసే అలవాటు చేసుకో, ఒళ్లు దానంతటదే వెనక్కి తిరుగుతుంది, వచ్చేవాడు కనపడతాడు.

ప్రశ్న: చంద్రగిరి వైపు నుంచి తెల్లారి నాలుగున్నరకు పాల క్యాన్లు కట్టుకుని సైకిల్ మీద టౌనుకు వస్తాను. లారీలు మీదికొచ్చేస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: అన్నా, ఆ వేళకు రాత్రంతా నడిపి నిద్ర ఆపుకుంటున్న డ్రైవర్లు ఉంటారు, వాళ్లు చూస్తారులే అనుకోకుండా మీరే కనపడాలి. వెనక ఎర్రగా ఆరి వెలిగే చిన్న లైటు, ముందు తెల్ల లైటు పెట్టించండి. మడ్‌గార్డుకీ రెండు క్యాన్లకీ లారీలకు అంటించే మెరుపు టేపు వేయండి, పెడళ్లకు కూడా ఒక ముక్క, అవి పైకీ కిందికీ కదులుతుంటే దూరం నుంచే చూపు అటు పోతుంది. లేత రంగు చొక్కా వేసుకోండి. ఎదురు లైట్లకు కళ్లు చెదిరితే మొండిగా తొక్కకుండా దిగి పక్కన నిలబడండి. క్యాన్ల మీద గోనెపట్టా కప్పుతారేమో, అది ఆ టేపు మీదికి జారకుండా కట్టుకోండి.